వాడుక అనే గడి

మొదటిసారి వెళ్ళింది పన్నెండేళ్ల బకాయి అడగడానికి.
కాకినాడ, జగన్నాథపురం వంతెన దిగి
ఉప్పుటేరు ఒడ్డునే పోతే మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ.
గోడల్లో ఇంకా అమ్మోనియా,
ముక్కు కన్నా ముందు కళ్ళకి తెలుస్తుంది.

మున్సిపాలిటీ రిజిస్టరులో ‘వాడుక’ అని ఒక గడి.
అందులో నేను రాయగలిగినవి మూడే మాటలు:
నివాసం, వ్యాపారం, ఖాళీ.

తలుపు తోసేసరికి
ఐసు డబ్బాల మీద ఎవరో వాయిస్తున్నారు.
నీళ్ళు నిండినదానికి ఒక గొంతు,
సగం ఉన్నదానికి ఒకటి,
చిల్లిపడ్డది మాత్రం
వాయిస్తుండగానే శ్రుతి మార్చుకుంటోంది.
మాటు వేయించకపోయారా అన్నాను.
“కారేది కారనివ్వండి, దాని కోసమేగా ఇదంతా”
అన్నాడు జిలానీ.
పగలు లారీ షెడ్డులో
సైలెన్సర్లకి నోరు మూయించడం అతని పని.

ఈ ఊరి కొట్ల పేర్లన్నీ ఒకప్పుడు నూకరాజు గారి చేతి రాతే.
కిరాణా కొట్టు ‘శ్రీ’కి తోక ఎంత సాగాలో
ఆయన కుంచెకి తెలుసు.
ఫ్లెక్సీలొచ్చి ఆ తోక తెగ్గోశాయి.
ఇప్పుడు లోపలి గోడ మీద, ఆరు నెలలుగా,
ఒక్క అక్షరం రాస్తున్నాడు.
నిలువెత్తు ‘ఱ’.
బండి ర.
పిల్లల పలకల మీంచి కూడా దిగిపోయిన బండి.
“ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ పేర్లు రాశానండి.
దీన్ని ఎవరూ అడగరు. అందుకని నాది.”

గురువారాలు వెళ్ళడం మొదలుపెట్టాను.
ఇంట్లో ఆడిట్ అని చెప్పాను.

బొమ్మలాట వాళ్ళింటి కోమలి
మేక తోలు కొనలేక
నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు ఏరుకొచ్చి కత్తిరిస్తుంది.
వెనక దీపం పెడితే
ఒకాయన నవ్వు లంకిణి పొట్ట మీద వెలుగుతుంది,
ఇంకొకాయన దండం హనుమంతుడి తోకలో చుట్టుకుపోయి ఉంటుంది.
గుమ్మంలో అడ్డం నిలబడి లంకిణి అడిగింది:
“ఇంటి పన్ను కట్టావుటయ్యా, రసీదు చూపించు.”
అందరూ నా వైపు తిరిగారు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

సామర్లకోట దాకా రైళ్ళలో చప్పట్లు కొట్టే దమయంతి
ఇక్కడ కొట్టదు.
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది.
తన పద్యం అయ్యాక
మేం కొడతాం.

మేడ మీద గదిలో రోజీ, వసుంధర.
చుట్టాలా అని అడిగాను, ఫారంలో ఉంది కాబట్టి.
“కాదండి,” అంది రోజీ,
పచ్చబొట్టు సూదులు ఉడకబెడుతూ.
స్నేహితులా?
“అది చాలదండి.”
కింద ఏట్లో పడవ ఇంజను చాలాసేపు దగ్గింది.
పెన్నుకి మూత పెట్టేశాను.
వసుంధర టీ ఇచ్చింది, పంచదార ఎక్కువైంది.

అమావాస్య పోటుకి ఉప్పుటేరు లోపలికొచ్చేసింది.
కరెంటు లేదు. నా సెల్‌ఫోన్ లైటొక్కటే.
బొమ్మల్ని ఎత్తి దూలానికి వేలాడదీశాం.
డబ్బాలు వాటంతటవే తేలి
ఒకదానికొకటి తగులుతూ
ఎవరూ వాయించని పాట ఏదో వాయించుకున్నాయి.
జిలానీ మోకాల్లోతులో నిలబడిపోయాడు,
ఎవర్నీ కదలనివ్వలేదు.
తెల్లారి చూస్తే బండికి ఒక చక్రం కరిగిపోయి ఉంది.
నూకరాజు గారు బీడీ వెలిగించుకుని
“ఏరుక్కూడా చదువొచ్చినట్టుందండోయ్” అన్నాడు.

మార్చి నెలాఖరు. గడి నింపాలి.
నివాసం అంటే ఎవరు ఎవరికి ఏమవుతారో రాయాలి.
వ్యాపారం అంటే
దమయంతికి మేం కొట్టే చప్పట్లకి రేటు కట్టాలి.
ఖాళీ అని రాశాను.
ఇరవై రెండేళ్ల సర్వీసులో తెలిసి రాసిన అబద్ధం.

సూపరింటెండెంటు కళ్ళజోడు పైకెత్తి
అబద్ధాన్ని దాటేసి
అక్షరం దగ్గర ఆగాడు.
“ఇదేం రాతయ్యా,
ఈ ‘ళీ’కి ఇంత తోకేమిటి?
పక్క గడిలోకి పోయింది.”